తక్కువ అన్న మాట

మా చిన్నాయన చేవెళ్ల తాలూకా కచేరీలో గుమాస్తా. ఊళ్లో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా ఆయన చదివితేనే చదివినట్టు. మందుసీసా మీది చీటీని కూడా గొంతు సవరించుకొని కోర్టు తీర్పులాగా చదివేవాడు. ఆ గొంతు తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అరవై తొమ్మిదిలో ఉద్యమం మూలంగా పట్నంలో కాలేజీలు మూతబడి, నేను మొయినాబాద్ దగ్గరి మా ఊళ్లోనే ఉన్నాను. అమ్మ మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది. నడి ఎండల్లో చెద్దరు కప్పుకొని కూర్చునేది, పొయ్యి ముందే కునికేది. పనిదొంగ అని మా నాయనమ్మ అంటే, నిజమేనని వాడకట్టంతా తలూపింది. నోరుండడం తప్ప వాళ్లకు వేరే చదువు లేదు. చేవెళ్ల దవాఖాన డాక్టరు మాత్రం అమ్మ మెడ తడిమి చూసి, ఇది థైరాయిడ్ గ్రంథి వ్యవహారంలా ఉందని రక్తం పరీక్షకు పంపాడు. ఫలితం రాగానే పట్నంలో పెద్ద డాక్టరుకు చూపించమన్నాడు. ఈలోగా ఆయనకు బదిలీ అయింది.

ఫలితం టపాలో చిన్నాయన చేతికి వచ్చింది. అరుగు మీద అందర్నీ కూర్చోబెట్టి చదివాడు. అంకె పక్కన ఇంగ్లీషులో 'లో' అని ఉంది.

"ఫికర్ చెయ్యకు వదినె. తక్కువున్నదని రాసిన్రు."

మా దగ్గర జ్వరం తక్కువైందంటే తగ్గిందనే. రోగం తగ్గిందని అందరూ సంబరపడ్డారు. అమ్మ కూడా ఆ ఉబ్బిన మొహంతోనే నవ్వింది. కాగితం నేనూ చూశాను. ఏది తక్కువ అని అడిగాను. రోగం గాక ఇంకేముంటుందని, కాలేజీలో నేర్చింది ఎదురు చెప్పడమేనా అని కసిరాడు. బస్సులు లేవు, పట్నం పోతే లాఠీ దెబ్బలే అన్నాడు. సభల్లో మైకు పట్టుకొని హక్కుల కోసం అరిచిన నా నోరు చిన్నాయన ముందు మూతపడింది. మళ్లీ అడగలేదు.

వానలు పడ్డాక ఒక పొద్దున అమ్మ ఎంత లేపినా లేవలేదు. నాన్నను మేం బాపు అంటాం; బాపు, చిన్నాయన, నేను దొరికిన లారీలో ఎక్కించి పట్నం తీసుకుపోయాం. మూడో రోజుకు కళ్లు తెరిచింది. పెద్ద డాక్టరు మాత్రలు రాసి, బతికినన్నాళ్లూ మానొద్దని చెప్పాడు. తర్వాత ఆ పాత కాగితం బాపు చేతిలోంచి తీసుకొని చదివాడు.

"తక్కువైంది రోగం కాదు. ఆ గ్రంథి ఒంటికి ఇచ్చే రసం తక్కువైంది. ఇన్ని నెలలు ఇంట్లో పెట్టుకున్నారే, ఇంగ్లీషు చదివినవాళ్లెవరూ లేరా?"

చిన్నాయన కిటికీలోంచి బయటికి చూశాడు. నేను తల వంచుకున్నాను.

"ఉన్నరు సార్," అన్నాడు బాపు. "ఇద్దరున్నరు."