పోయిన సామాన్ల బీరువా

ఆ పని నాకు నా నోటిదురద వల్ల వచ్చింది. మలేసియాలో మా ఊరు సుంగై పెటానిలో, మా అబ్బాయి చదివే తమిళ బడిలో తల్లిదండ్రుల సంఘం మీటింగు జరుగుతోంది. ఊరుకోలేక చెయ్యెత్తి, "పిల్లలు పోగొట్టుకున్న సామాన్లన్నీ ఎక్కడికి పోతున్నాయి, వాటిని ఎవరు చూస్తున్నారు?" అని అడిగాను. మావాడి మూడో నీళ్ళ సీసా ఆ వారమే మాయమైంది. హెడ్మిస్ట్రెస్ గారు నవ్వి, "ఇప్పటిదాకా ఎవరూ చూడటం లేదు, ఇకనుంచి మీరు చూడండి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టినవాడు మా ఆయన.

అలా హాలు వెనక మెట్ల కింద ఉన్న పాత ఇనుప బీరువా ఒకటి నా పాలబడింది. నేను ఇంట్లోనే జాకెట్లు కుట్టేదాన్ని కనక వారానికో మధ్యాహ్నం బడికి ఇవ్వడం కష్టం కాదు. మా కెడా రాష్ట్రంలో శుక్ర, శనివారాలు సెలవు. అందుకని గురువారం పెట్టుకున్నాను. మొదటి రోజు తాళం తీస్తే లోపల పదకొండు నీళ్ళ సీసాలు, మూడు రెయిన్‌కోట్లు, కళ్ళజోడు లేని కళ్ళజోడు డబ్బా, రబ్బరు చెప్పుల జత, కాగితంలో చుట్టిన ఒక పాలపన్ను కనిపించాయి. పన్ను పోగొట్టుకున్న పిల్ల ఎవరో, ఇంట్లో ఎంత ఏడ్చిందో అని ఆ రాత్రంతా ఆలోచించాను.

నిజం చెప్పాలంటే ఆ పని నాకు తెగ నచ్చింది. నాకు పరాయి ఇళ్ళ సంగతులంటే ఆసక్తి. మా అత్తగారు దాన్ని వేరే మాటతో అంటారు, అది ఇక్కడ రాయను. ఒక సీసా మీద ఒకదానిమీద ఒకటి మూడు పేర్ల చీటీలు అంటించి ఉంటే ముగ్గురు అన్నదమ్ములు వరసగా వాడారని తెలిసేది. రెయిన్‌కోటు చిరుగు మీద వేసిన మాసిక చూస్తే ఆ ఇంట్లో సూది పట్టేది మగవాడని తెలిసిపోయేది. అంత పెద్ద కుట్లు ఆడది వేయదు. గురువారం వచ్చిన తల్లినో తండ్రినో మాటల్లో పెట్టి, నా లెక్క సరిపోయిందో లేదో చూసుకునేదాన్ని.

రెండో నెలలో ఒకరి రెయిన్‌కోటు ఇంకొకరి పిల్లాడు నాదే అని పట్టుకుపోయాడు. ఇద్దరు తల్లులు గేటు దగ్గర జుట్లు పట్టుకునేదాకా వెళ్ళారు. అప్పుడు నేనొక రూలు పెట్టాను. వస్తువు దొరికిందని బడి ముద్ర వేసిన చీటీ ఇంటికి పంపుతాం. తల్లో తండ్రో గురువారం బడి వదిలే వేళకు స్వయంగా రావాలి, పుస్తకంలో సంతకం పెట్టాలి, అప్పుడే వస్తువు. నా రూలును హెడ్మిస్ట్రెస్ గారు మెచ్చుకున్నారు. నాకు కాస్త తలకెక్కింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే బీరువాలోకి రెండు గిన్నెల స్టీలు క్యారేజీ వచ్చింది. క్యాంటీన్ ఆవిడ కిటికీ గట్టు మీద దొరికిందని తెచ్చి పెట్టింది. ఈ రోజుల్లో పిల్లలు ప్లాస్టిక్ డబ్బాలు తెస్తారు, స్టీలు ఎవరు తెస్తారు? మూత తిప్పి చూశాను. చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంది. తమిళం కాదు. టీచర్లు మలయాళమేమో అన్నారు. తెలుగు సంఘం వాళ్ళు శనివారాలు పెట్టే క్లాసుకు రెండేళ్ళు వెళ్ళి, ఒక్కో అక్షరం కూడబలుక్కోవడం నేర్చుకున్నాను నేను. కూడబలుక్కున్నాను. అచ్చంగా తెలుగు పేరు, పాతకాలం ఆడమనిషి పేరు. ఈ బడిలో మా ఇల్లు కాక ఇంకో తెలుగు ఇల్లుందా అని నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

తరగతి తరగతికీ అడిగిస్తే ఒక చిన్న పిల్ల తనదే అందట, చీటీ పంపాం. గురువారం ఒక మనిషి మోటారుసైకిల్ మీద వచ్చాడు. ముప్పై అయిదు దాటి ఉండవు. హెల్మెట్ తీసి, జేబులోంచి నీలం రంగు ఫ్యాక్టరీ టోపీ తీసి, నిద్రలేచిన జుట్టు కనపడకుండా పెట్టుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పక్కన రెండో తరగతి చదివే కూతురు, అతని చొక్కా అంచు పట్టుకుని ఉంది. నేను తెలుగులో మూత మీద పేరు చదివాను.

అతను మూత తీసుకుని చుక్కల మీద బొటనవేలు రాశాడు. "మాయమ్మ పేరు. నాకు సదవడం తెల్దక్కా. సిన్నప్పట్నుంచీ తడుముతున్నాను గానీ, ఎవరూ సదివి ఇన్పించనేదు. మీరూ మనోళ్ళేనా ఏటి?"

"మా తాతోళ్ళు విశాఖపట్నం వైపు నుంచే వచ్చినారు తమ్ముడూ" అన్నాను. నా తెలుగు సగం తమిళం, అయినా అతను నవ్వాడు. ఎస్టేటులో పుట్టాడట. ఆ రబ్బరు తోట పోయి ఇప్పుడక్కడ ఇళ్ళు లేచాయట. రాత్రి డ్యూటీ గ్లవ్స్ ఫ్యాక్టరీలో, భార్యది పగటి డ్యూటీ ఇంకో ఫ్యాక్టరీలో. పిల్ల వ్యానులో వచ్చి వ్యానులో పోతుంది. పిల్ల అంతా విని, తమిళంలో, "అప్పా, రా" అని అతని చొక్కా లాగింది.

తర్వాతి గురువారం క్యారేజీ మళ్ళీ బీరువాలో ఉంది. ఆ పైవారం కూడా. నాలుగో వారం నాకు ఒళ్ళు మండింది. పిల్లను పిలిచి చీవాట్లు పెట్టాను. మీ నాయనమ్మ పేరున్న గిన్నె అది, మీ నాన్న రాత్రంతా నిలబడి పని చేసి పగలు నాలుగు గంటలు పడుకుంటాడు, నీ మతిమరుపు వల్ల ఆ నిద్ర కూడా పాడు అన్నాను. ఆ పిల్ల నా మొహం చూడకుండా నా చేతిలో పుస్తకాన్నే చూస్తూ విన్నది. ఆ రోజు తండ్రి వచ్చి, సంతకం పెట్టడానికి బెంచీ మీద కూర్చుని, పెన్ను చేతిలో పట్టుకునే కునికాడు. పిల్ల లేపలేదు. నేనే లేపాను.

"తమ్ముడూ, ఇక నుంచి నువ్వు రానక్కర్లేదు. ఇది మళ్ళీ పోతే నేనే పాపకు ఇచ్చి పంపుతాను" అన్నాను. సంతోషిస్తాడనుకున్నాను.

అతను కాసేపు టోపీ సర్దుకున్నాడు. "సరే అక్కా" అన్నాడు. అంతే. ఇద్దరూ వెళ్ళారు. తిన్నగా గేటుకు వెళ్ళకుండా తరగతి గదుల వరండా వైపు చుట్టు తిరిగి వెళ్ళారు. ప్రతి వారం అలాగే వెళ్ళేవాళ్ళు. మోటారుసైకిల్ ఎటు పెట్టాడో ఏమో అనుకున్నాను. పరాయి ఇళ్ళ సంగతుల కోసం అంత తహతహలాడే దాన్ని, దాని గురించి మాత్రం అడగాలని తోచలేదు.

తర్వాతి గురువారం క్యారేజీ ఉంది. పిల్ల చేతికిచ్చాను. "అప్పా రారా?" అని తమిళంలో అడిగింది. రానక్కర్లేదని చెప్పాను. ఆ తర్వాత క్యారేజీ పోవడం ఆగిపోయింది. చూశారా, నా చీవాట్లు పనిచేశాయి అని ఇంట్లో గొప్ప చెప్పుకున్నాను. ఆ నెలలోనే అందరం కలిసి బడి శుభ్రం చేసే గోతోంగ్ రోయోంగ్ వచ్చింది. అంతమంది తల్లిదండ్రుల్లో వచ్చింది పదిహేను మంది. తల్లిదండ్రులు బడికి రావడమే మానేశారు, ఏం చేస్తే వస్తారు అని మీటింగులో గంటసేపు మాట్లాడింది కూడా నేనే.

మూడు వారాల తర్వాత ఒక గురువారం, బీరువా ముందు కూర్చుని సీసాలు తుడుస్తుంటే, ఆ పిల్ల వచ్చింది. చేతిలో నల్ల బూటు ఒకటి.

"ఇది దొరికింది ఆంటీ" అంది.

"ఎక్కడ?"

"అక్కడ."

"ఎవరిది?"

"తెలీదు."

కిందికి చూశాను. ఒక కాలికి బూటుంది. ఇంకో కాలికి మేజోడు మాత్రమే ఉంది, మడమ దగ్గర తడిసింది. నవ్వు ఆపుకోలేకపోయాను. పిల్ల నవ్వలేదు. బల్ల మీదున్న పుస్తకం వైపు చూసి, చాలా మెల్లగా, "దీనికి అప్పా రావాలా ఆంటీ?" అంది.

నా నవ్వు అక్కడే ఆగింది. నాకు సిగ్గేసింది. ఎంత సిగ్గంటే, ఆ పిల్ల ముందు చేతిలో సీసా కింద పెట్టడానికి కూడా తోచలేదు. బడికి ఎవరూ రావడం లేదని గంటసేపు ఉపన్యాసం ఇచ్చినదాన్ని, వారం వారం వచ్చే ఒక్కడిని రావద్దని పంపేశాను.

"రావాలి. తప్పకుండా రావాలి" అన్నాను. ఎవరూ అడగని రబ్బరు చెప్పులు తీసి పిల్ల కాళ్ళకు వేసి, పుస్తకంలో ఉన్న నంబరుకు ఫోను చేశాను. చాలాసేపు మోగాక నిద్రగొంతుతో పలికాడు. "తమ్ముడూ, పాప బూటు ఒకటి దొరికింది. ఈసారి నువ్వే రావాలి, సంతకం కావాలి."

అవతల మంచం కిర్రుమంది. "ఒక్కటేనా అక్కా?"

"ఒక్కటే."

"బేగొచ్చేస్తాను."

ఇరవై నిమిషాల్లో వచ్చాడు. హెల్మెట్ తీశాడు, టోపీ పెట్టుకున్నాడు, సంతకం పెట్టాడు. ఇద్దరూ వరండా వైపు నడిచారు. ఈసారి నేను ఊరుకోలేదు. చీపురు పట్టుకుని, ఊడుస్తున్నట్టు వెనకాలే వెళ్ళాను.

పిల్ల రెండో తరగతి తలుపు తోసింది. "ఇది నా కుర్చీ" అంది. అతను ఆ చిన్న కుర్చీలో మోకాళ్ళు ఎత్తిపెట్టి కూర్చున్నాడు. గోడ మీద తన బొమ్మ చూపించింది. సీసాలో మొలిచిన బఠాణీ మొక్క చూపించి, మీరు రాని వారాల్లో ఇంత పెరిగింది అని వేళ్ళతో కొలిచి చెప్పింది. ఎవరు తిడతారో, ఎవరు పక్కన కూర్చుంటారో, ఏ ఫ్యాను తిరగదో అన్నీ చెప్పింది. పిల్ల తమిళంలో చెబుతోంది, అతను తెలుగులో అడుగుతున్నాడు. ఆ మొక్కకు నీళ్ళు ఎవులు పోస్తారు, సెలవు రోజుల్లో ఏటి సేస్తారు అని. మీటింగులో ఏ తండ్రీ అన్ని ప్రశ్నలు అడగగా నేను చూడలేదు.

బయటికి వచ్చి నన్ను, నా చీపురును చూశాడు. పిల్ల కుళాయి దగ్గరికి వెళ్ళగానే, ఇక దాచలేక చెప్పాను. "పాప కావాలనే పారేసుకుంటోంది తమ్ముడూ. నువ్వొస్తావని."

"తెలుసక్కా. రెండో వారమే తెలిసినాది. ఇంటికాడ పెన్సిలు ముక్క కూడా పోగొట్టని గుంట అది."

"మరి చెప్పలేదేం?"

"సెప్తే నానెలగొస్తాను?" అన్నాడు. "పని నేకుండా ఊరికే ఇస్కూలుకి ఎలగొచ్చీది? నాకు సదువు నేదు. మీటింగులో అందరూ లేసి ఏటేటో మాటాడతారు. ఈ గిన్ని పోతే మట్టుకు, ముద్దరేసిన సీటీ వస్తాది. అప్పుడు నానే రావాల, ఇంకెవులూ రాకూడదు. మీరొద్దన్నాక, ఇంట్లోనే తొంగున్నాను గానీ నిద్దరట్టనేదు."

గిన్నె బీరువాలో పెట్టుకునే చోటు అలాగే ఉంది, వచ్చే వారం మళ్ళీ పోయినా ఫర్వాలేదు అన్నాను. అతను నవ్వాడు గానీ తల అడ్డంగా ఊపాడు. "గుంటకి తిట్లు తినిపించడం బాగోదక్కా" అన్నాడు. పిల్ల వచ్చింది. బూట్లు తొడుక్కుంది. విప్పిన చెప్పులు బీరువాలో పెట్టి వస్తానని అతనే తీసుకెళ్ళాడు. ఇద్దరూ గేటు వైపు వెళ్ళారు.

నేను తాళం వేయడానికి వెళ్ళి బీరువా తలుపు తీశాను. మధ్య అరలో, క్యారేజీ పెట్టే చోట, నీలం రంగు టోపీ ఉంది. తీసుకుని గేటు దాకా పరుగెత్తాను. మోటారుసైకిల్ కదలబోతోంది. పిల్ల వెనక కూర్చుని, రెండు బూట్ల కాళ్ళూ ఊపుతోంది. పిలవబోయి, చేతిలో టోపీ వైపు చూశాను. నాలుగు మడతలు పెట్టి ఉంది. మరిచిపోయినవాళ్ళు మడత పెట్టరు.

వెనక్కి వచ్చి పుస్తకం తెరిచాను. "టోపీ ఒకటి, నీలం. రెండో తరగతి పాప తండ్రిది. గురువారం స్వయంగా వచ్చి సంతకం పెట్టి తీసుకోవాలి" అని రాసి, బడి ముద్ర వేసి, చీటీ చింపి ఆ పాప టీచరుకు ఇచ్చాను.