బ్రేకు ఇన్‌స్పెక్టరూ, మా మామ రాయీ

బడిలో నన్ను ఫెయిల్ చేసిన పంతుళ్ళు చాలామందే. వాళ్ళలో ఒక్కరికీ నేను దండం పెట్టలేదు. నాకూ వాళ్ళకూ కుదరక పెందలాడే బడి మానేశాను. మా లారీని ఫెయిల్ చేసిన మనిషికి మాత్రం తలుచుకున్నప్పుడల్లా దండం పెడతాను. మా మామ పళ్ళన్నీ ఊడిపోయేదాకా బతికి, ఆ బోసినోటితో నన్ను తిట్టాడంటే అది ఆ మనిషి చలవే.

అవి యాభైల నాటి రోజులు. మద్రాసులో, సౌకార్‌పేట నుంచి పప్పు మూటలు మోసే లారీకి నేను డ్రైవర్ని. క్లీనరు మా ఆవిడ తండ్రి. అల్లుడు స్టీరింగు పట్టుకుంటే మామ చక్రాలు తుడవడం ఏ శాస్త్రంలో ఉందని అందరూ నవ్వేవాళ్ళు. ఆయన అంతకుముందు ఎద్దులబండి తోలినవాడు. ఎత్తులో బండి ఆగితే చక్రం వెనక రాయి పెట్టాలన్నది ఆయన వేదం. సీటు కింద ఒక నల్లరాయి ఉంచుకున్నాడు. లారీ ఆగిందంటే రాయి పట్టుకుని దూకడమే. ఆయుధపూజనాడు స్టీరింగుకు చిన్న బొట్టు, ఆ రాయికి పెద్ద బొట్టు. రాయి ధీమాతో మా చేతిబ్రేకు ఎప్పుడో పడకేసింది. దాని కడ్డీ నా తువ్వాలు తగిలించుకోవడానికి మాత్రం పనికొచ్చేది.

లారీకి ఏటా ఎఫ్.సి., అంటే బండి బాగుందన్న సర్టిఫికెట్టు, తీసుకోవాలి. అది లేనిదే రోడ్డెక్కకూడదు. ఆ ఏడు వచ్చిన బ్రేకు ఇన్‌స్పెక్టరు అరవాయన. మాతో తెలుగు కలిపి మాట్లాడేవాడు. బండిని ఉరికించి కాలిబ్రేకు తొక్కమన్నాడు. నేలను గీరుకుంటూ ఆగింది. తర్వాత ఎత్తు మీద నిలిపి, చేతిబ్రేకు వేసి కాలు తీసెయ్యమన్నాడు. తీశాను. బండి కదల్లేదు! నాకే ఆశ్చర్యం.

ఇన్‌స్పెక్టరు వెనక్కి వెళ్ళి చూస్తే, మా మామ చక్రం కింద రాయి పెట్టి చేతులు దులుపుకుంటున్నాడు. మోసం చెయ్యాలని కాదు పాపం, అలవాటు.

"ఎన్నయ్యా ఇది?"

"రాయి సామీ."

"ఎందుకు పెట్టినావు?"

"పెట్టకపోతే బండి పోతాది గదా సామీ!"

నేను స్టీరింగు మీద తల వాల్చేశాను. ఇన్‌స్పెక్టరు రాయి తీయించాడు. బండి మెల్లగా వెనక్కి జారింది. కాలిబ్రేకు తొక్కి ఆపి, కిందికి దిగాను.

"కాలిబ్రేకు పులి మాదిరి పట్టుకుంటాది సార్. ఈ చేతిది ఎందుకు?"

"కాలిది పోతే?"

"మామ ఉండాడు సార్."

"ఒకటి పోతే ఇంకొకటి పట్టుకోవాల. దానికీ దీనికీ సంబంధం ఉండకూడదు. అది రూలు. రూల్లో మీ మామ లేడు. ఫెయిల్!"

దారి పొడుగునా మామను దెప్పాను. "సీట్లో గమ్మున కూచోనుంటే పాసయ్యుండేది గదా మామా?"

"బడిలో ఫెయిలయినప్పుడు ఏ చక్రం కింద నేనుండానబ్బా?" అన్నాడు.

ఓనరు సణుక్కుంటూనే చేతిబ్రేకు మొత్తం కొత్తగా వేయించాడు. మళ్ళీ చూపించినప్పుడు అదే ఇన్‌స్పెక్టరు మామను తన పక్కనే నిలబెట్టుకుని, రాయిని తన కాళ్ళ దగ్గర పెట్టించుకుని పాస్ చేశాడు.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం, వ్యాసర్పాడిలో రైలుగేటు మూసి ఉంది. గేటు ముందు ఎత్తు. కాలిబ్రేకు తొక్కి నిలిపాను. మామ మామూలుగా రాయి పట్టుకుని దిగి వెనక్కి పోయాడు. ఉన్నట్టుండి నా కాలికింద బ్రేకు మెత్తబడి, అడుగంటా దిగిపోయింది. బ్రేకు నూనె గొట్టం పగిలిందని తర్వాత తెలిసింది. బండెడు పప్పుతో లారీ వెనక్కి కదిలింది. అద్దంలో, చక్రం దగ్గర వంగిన మామ వీపు. నా చెయ్యి తువ్వాలుతో సహా ఆ కడ్డీని లాగేసింది.

బండి నిలబడింది.

మామ రాయి చేత్తో పట్టుకునే ముందుకొచ్చాడు. "ఏంది అల్లుడా, రాయి పెట్టకముందే ఎనక్కి వస్తా ఉండావే! అంత ఆత్రమా?"

నా మొహం చూసి ఆగాడు. అడుగంటిన బ్రేకు చూపించాను. ఆయన కడ్డీ వైపు చూశాడు, రాయి వైపు చూశాడు, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఆ అరవ సామి ఆఫీసులో ఎప్పుడుంటాడో కనుక్కో," అన్నాడు.

బండి బాగయ్యాక అరటిపళ్ళు పట్టుకుని ఇద్దరం వెళ్ళాం. ఇన్‌స్పెక్టరు లంచమనుకుని "పో, పో" అని కసిరాడు.

"లంచం గాదు సామీ," అన్నాడు మామ. "కాలిబ్రేకు పోయింది. చేతిది పట్టుకునింది. చక్రం ఎనక నేనుండా. బతికుండానని చూపించి పోదామని వచ్చినా."

ఇన్‌స్పెక్టరు ఒక్క పండు మాత్రం తీసుకున్నాడు.

"రాయి పారేసినావా?"

"బండిలోనే ఉండాది సామీ. రెండు బ్రేకులూ పోతే?"

"రూల్లో లేదు," అన్నాడాయన పండు ఒలుచుకుంటూ. "ఉంటే ఉండనీ."