మౌనగురువు ఖాసిం సాయిబు

మదనపల్లెలో ఖాసిం సాయిబు నోటికి జడవని మనిషి లేడు, ఆయన చేతికి తల అప్పగించని మనిషీ లేడు. టమోటా మార్కెట్ వెనక సందులో ఒక రేకుల కొట్టు, ఒక చెక్క బల్ల, ఒక నూనె సీసా. ఆయన దవాఖానా అంతే. నడుములూ కాళ్లూ ఎవరైనా పిసకగలరు. ఖాసిం పేరంతా మెడల మీద వచ్చింది.

ఒకసారి వాల్మీకిపురం నుంచి ఒక ఆసామి వచ్చాడు. మెడ ఎడమకు పట్టేసి, ఆరు నెలలుగా ఎండ్రకాయలా అడ్డంగా నడుస్తున్నాడు. ముందున్న దారి కనబడాలంటే ఆయనకు అదొక్కటే మార్గం మరి. ఖాసిం ఆ తలను రెండు అరచేతుల మధ్య పట్టుకుని, "ఏమప్పా, పెండ్లాం మొగం సూడలేక నువ్వే తిప్పుకున్న్యావా, నీ మొగం సూడలేక ఆయమ్మ తిప్పి పెట్టిందా?" అన్నాడు. ఆసామికి రోషం వచ్చి తిట్టడానికి నోరు తెరిచాడు. తిట్టు నోట్లోంచి రాకముందే మెడలోంచి 'టక్'మని మెటిక వచ్చింది. వచ్చిన దారినే ఆసామి నిటారుగా నడిచిపోయాడు.

కిటుకంతా అదే. జవాబు చెప్పడానికి నోరు తెరుచుకునే అరక్షణంలో దవడ వదులవుతుంది, దాంతోపాటు మెడా వదులవుతుంది. ఎవరికి ఎక్కడ రోషమో కనిపెట్టి సరిగ్గా అక్కడే గుచ్చాలి. నోరు మూసుకున్న మనిషి మెడను తిప్పకూడదని, పని నేర్పిన ఉస్తాద్ ఆయన చేత ఒట్టు వేయించుకున్నాడు. నలభై ఏళ్లలో ఖాసిం ఒట్టు తప్పలేదు, ఒక్క మెడా చెడలేదు.

చెడిందల్లా ఒక శిష్యుడు. భార్య జుబేదా తమ్ముడు ఇలియాస్ మూడేళ్లు ఆయన దగ్గర పని నేర్చుకున్నాడు. చెయ్యి పరవాలేదు గానీ, ఎదుటివాణ్ణి గుచ్చే నోరు వాడికి లేదు. "నీవి చేతులు కాదురా, బిర్యానీ గరిటెలు" అని ఖాసిం నలుగురిలో అనేవాడు. ఒకరోజు బల్లమీదున్న గిరాకీ ముక్కు దగ్గర వాడి అరచేతులు పెట్టించి, "సూడన్నా, మసాలా వాసన వస్తాండాదా?" అని అడిగాడు. కొట్టు కొట్టంతా నవ్వింది. ఇలియాస్ తువ్వాలు మడిచి బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. కుప్పం బస్టాండు దగ్గర గది తీసుకుని, మనిషి కూర్చుంటే ఒళ్లంతా పిసికే మిషను కుర్చీలు నాలుగు వేశాడు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఖాసిం కొట్టు పోయింది. ఆ సాయంత్రమే ఇలియాస్ ఫోను.

"దూలేభాయ్, కుప్పం వచ్చేయండి. కుర్చీలు తుడిచేదానికి నమ్మకమైన మనిషి కావాల."

బావగారు ఫోను పెట్టేసి, పెళ్లాం ముందు నిలబడి ప్రమాణం చేశాడు. అడుక్కునైనా తింటాను గానీ వాడి కుర్చీ తుడవను.

"అడుక్కునేదానికి గూడా నోరు మంచిది కావాల" అంది జుబేదా.

అలాంటి సమయంలో హరీష్ దొరికాడు. హార్స్లీ హిల్స్ దారిలో అతను ఒక విశ్రాంతి కేంద్రం నడుపుతున్నాడు. బెంగుళూరు నుంచి జనం కార్లలో వస్తారు. ఫోన్లు గేటు దగ్గర ఇచ్చేసి, పలకలు మెళ్లో తగిలించుకుని, ఏడు రోజులు నోరు విప్పకుండా ధ్యానం చేస్తారు. ఏది కావాలన్నా పలక మీదే రాయాలి. ఖాసిం చెయ్యి అతనికి నచ్చింది.

"చెయ్యి సాలన్నా, నోరొద్దు. పన్నెండేండ్లుగా మాట్లాడని మౌనగురువు అని బోర్డు పెడతా. ఒక్క మాట బయటికొచ్చినా కొండ దిగాల్సిందే."

"మరి నా నమాజు?"

"అది గూడా మనసులోనే సేసుకో అన్నా."

కుప్పం గుర్తొచ్చి ఖాసిం తల ఊపాడు.

మూడు నెలలు నోరు కట్టేసుకున్నాడు. వీపులు పట్టాడు, పాదాలు పట్టాడు. మెడ చూపించినవాళ్లకు మాత్రం ఆకాశం వైపు వేలెత్తి, ఇంకా సమయం రాలేదన్నట్టు కళ్లు మూసేవాడు. "ఆయన మౌనంలో ఒక సముద్రం ఉంది" అని ఒకావిడ కన్నీళ్లు పెట్టుకుంది. ఉన్నమాటే. ఆ సముద్రం నిండా ఆవిడ ముక్కు మీదా, నడక మీదా, మొగుడి మీదా పుట్టి పైకి రాలేకపోయిన ఎకసెక్కాలే. సాయంత్రం బస్సులో అవన్నీ కండక్టరు మీద కుమ్మరించేవాడు. నాలుగో రోజు నుంచి ఆ బస్సు ఆయన్ని చూసి ఆగడం మానేసింది. ఇంటికి నడిచొస్తే జుబేదా చెవుల్లో దూదితో ఎదురయ్యేది.

నాలుగో నెలలో పుంగనూరు శ్రీనివాసులు దిగాడు. టమోటా మండీ ఆసామి. ఒక ఫోను చేతిలో, ఇంకొకటి చెవికీ భుజానికీ మధ్య పెట్టి ఇరవై ఏళ్లుగా బేరాలాడి, తల భుజమ్మీదకు వాలిపోయిన మనిషి. రెండు నెలలకోసారి ఖాసిం దగ్గరకొచ్చి నిలబెట్టించుకునేవాడు. కొట్టు పోయాక మెడ మళ్లీ వాలింది. దానికి తోడు, ఏడు రోజులు మాట్లాడకుండా ఉంటే తామంతా మీసాలు తీసేస్తామని తోటి వ్యాపారులు పందెం వేశారు. మాట్లాడితే తన మీసం పోతుంది. శ్రీనివాసులు ఖాసింను గుర్తుపట్టాడు. పెదాలు బిగించి, కళ్లతోనే కడుపారా నవ్వుకున్నాడు.

ఆరో రోజు పొద్దున హాలు నిండా జనం కళ్లు మూసుకుని కూర్చుని ఉండగా శ్రీనివాసులు పలక ఎత్తి చూపించాడు: 'మెడ. ఇప్పుడే.'

ఖాసిం ఆకాశం వైపు వేలెత్తాడు. హరీష్ గుడ్లురిమి గేటు వైపు చూపించాడు. వచ్చిన పెద్ద ఆసామిని కాదంటే ఊరుకునేట్టు లేడు.

ఖాసిం ఆ తలను అరచేతుల్లోకి తీసుకున్నాడు. రోకలిబండలా బిగుసుకుని ఉంది. చెవి గిల్లాడు, మొహంతోనే వెక్కిరించాడు. మీసం గుర్తొచ్చినప్పుడల్లా శ్రీనివాసులు పళ్లు ఇంకా బిగించాడు. మూసిన నోటి మీద మెడ తిప్పితే మనిషి మంచాన పడొచ్చు. తిప్పకపోతే కుప్పం. మాట్లాడినా కుప్పమే. ఎటూ కుప్పమే అయినప్పుడు, మాట్లాడితే చేతి పేరైనా దక్కుతుంది కదా అనుకుని, ఖాసిం శ్రీనివాసులు చెవిలోకి వంగాడు.

"ఏమప్పా, నువ్వు నోరు మూసుకోంగానే పుంగనూరులో టమోటా రేటు పెరిగిందంట కదా! ఇన్నేండ్లు యాల మూసుకోలేదని రైతులు ఏడస్తాండారంట."

"ఎవుడ్రా సెప్పింది..."

టక్.

ఆ నిశ్శబ్దంలో గుసగుస కూడా తిరునాళ్ల మైకులా వినబడింది. హాలంతా కళ్లు తెరిచింది. శ్రీనివాసులు తల ఎడమకు తిప్పాడు, కుడికి తిప్పాడు. బాగైన మెడతో నలుదిక్కులా చూసి మరీ సాక్ష్యం చెప్పాడు.

"ఈయప్ప గురువూ లేదు, గాడిద గుడ్డూ లేదు. మదనపల్లె ఖాసిం సాయిబు. ఇరవై ఏండ్లుగా ఎరుగుదును, నిద్దట్లో గూడా మాట్లాడతాడు. నా మౌనం మట్టిలో కలిపేసినాడు!"

కన్నీళ్లు పెట్టుకున్న ఆవిడ మాత్రం పలక తీసుకుని, గురువుగారి మొదటి మాటకు అర్థమేమిటని రాసింది. నోరు మూసుకుంటే మనిషి విలువ పెరుగుతుందని హరీష్ విడమరిచి చెప్పాడు. జనం చేతులు జోడించారు. బయటికొచ్చి అదే హరీష్, ఖాసిం చెప్పులు గేటు అవతలికి విసిరాడు.

అంతటితో పోతే బాగుండేది. మీసం పోయిన శ్రీనివాసులు మార్కెట్ అంతా తిరిగి, ఆరు రోజుల ధ్యానానికే తన మెడ కుదిరిందనీ, ఖాసిం చెయ్యి పెట్టి దాన్ని చెడగొట్టబోయాడనీ చెప్పాడు. మెడ నిటారుగా ఉంది కాబట్టి అందరూ నమ్మారు. పాత గిరాకీలు ఇంటికి వచ్చారు గానీ ఎవరూ తల అప్పగించలేదు. "మౌనగురూ, ఒకసారి మూసుకుని సూపించు" అని ఫొటోలు తీసుకుని పోయారు. నెల తిరక్కముందే జుబేదా మూటలు కట్టింది.

కుప్పంలో ఇలియాస్ తిట్టలేదు, ఎగతాళి చెయ్యలేదు. వేడన్నం పెట్టించాడు, గుడ్డ చేతికిచ్చాడు, స్విచ్చులు చూపించాడు. కూర్చున్నవాళ్లు చెవుల్లో పాటలు పెట్టుకుని కళ్లు మూసుకుంటారు. లేచాక ఖాసిం చెమట తుడుస్తాడు.

ఒక మధ్యాహ్నం ఇలియాస్ మెడ పట్టుకుని వచ్చాడు. రెండు రోజులుగా నిద్ర లేదట. నాలుగు కుర్చీల్లోనూ కూర్చుని చూశాడట. వచ్చి, శిష్యుడిగా ఉన్నప్పటిలాగే బావ కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"సూడండి దూలేభాయ్."

ఖాసిం ఆ తలను అరచేతుల్లోకి తీసుకున్నాడు. నరం ఎక్కడ పట్టిందో వేళ్లకు వెంటనే తెలిసింది. ఎదురుదెబ్బ కాచుకునేవాడిలా ఇలియాస్ పళ్లు గట్టిగా బిగించి ఉన్నాడు. ఒక్క మాట గుచ్చాలి. గరిటెల సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. పొద్దున వాడు పెట్టిన అన్నం అంతకంటే ముందు గుర్తొచ్చింది. అన్నం పెట్టేవాణ్ణి గుచ్చే మాట నలభై ఏళ్ల నోట్లో ఒక్కటీ దొరకలేదు.

చేతులు తీసేశాడు.

"కుర్చీలో కూర్చో, ఇలియాస్. స్విచ్చు వేస్తా."