గుమ్మం మీద కంచు అద్దం

మా ఆయనకు చరిత్ర మీద గౌరవం పుట్టింది ప్రమోషన్ వచ్చాకే. పాత సామాన్ల దుకాణం నుంచి అరచేయంత చైనా కంచు అద్దం తెచ్చి, రెండు వేల ఏళ్ల నాటిదని సింగపూర్‌లో మేముండే బుకిట్ పంజాంగ్‌లో తెలిసిన తెలుగువాళ్లందరినీ పిలిచి చూపించారు. వెనకవైపు డ్రాగన్లు, మబ్బులు, తాడు దూర్చడానికి నడుమ ఒక బొడిపె. ముందువైపు ఏ బొమ్మా లేని నునుపు. ఆ కాలంలో అందులోనే మొహం చూసుకునేవారట. వచ్చినవాళ్లు కాఫీ తాగి, "సూపర్ అన్నా" అని వెళ్లిపోయారు. నాకైతే ఆ పచ్చటి చిలుము మొన్ననే పూసినట్టు కనిపించింది. ఆయనకు ఏదైనా చెప్పడం పెళ్లైన కొత్తలోనే మానేశాను.

తర్వాత ఏదో వాస్తు వీడియో చూసి, ప్రమోషన్‌కు దిష్టి తగిలిందని తేల్చారు. ఆయన్ని చూసి కుళ్లుకునే తీరిక సింగపూర్‌లో ఎవరికుంది? అయినా గుమ్మం పైన, బయటివైపు, గుమ్మడికాయ కట్టే చోట అద్దం బిగించారు. దిష్టి వెనక్కి పోవాలి కనక నునుపు వైపు బయటికి పెట్టారు. అంత గొప్పగా కొన్న డ్రాగన్లు గోడను చూస్తూ ఉండిపోయాయి.

ఎదురింటి చైనీస్ ఆంటీ దగ్గర మా తాళంచెవి ఒకటి ఉండేది. నేను ఆఫీసులో ఉండగా వానొస్తే, తలుపు తీసుకుని వచ్చి కిటికీ బయట కర్రల మీద ఆరేసిన బట్టలు లోపలికి లాగేది. జ్వరమొస్తే గంజి కాచి తెచ్చేది. ఈ దేశంలో నాకున్న మనిషల్లా ఆవిడే.

ఆ వారమే ఆవిడ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. "యువర్ మిర్రర్ సీ మై డోర్," అంది తన సింగపూర్ ఇంగ్లీషులో. "యువర్ బ్యాడ్ లక్ ఆల్ కమ్ మై హౌస్, లా." కోపంగా కూడా అనలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఆయనతో చెబితే సోఫాలోంచి లేవకుండానే, "వీళ్లకి మూఢనమ్మకాలెక్కువ," అన్నారు.

స్టూలు లాక్కుని, ఎక్కి అద్దం ఊడదీశాను.

"ఏయ్, దిష్టి తగులుద్దే."

"తగలడానికి మీ దగ్గర ఏముందండీ?"

ఎదురింటి తలుపు కొట్టాను. ఆంటీ ముందు మా గుమ్మం పైకి చూసింది. నేను అందించబోయిన తాళంచెవి తీసుకోలేదు. "టుమారో హీ పుట్ బ్యాక్, హౌ?" అంది. ఆయన్ని నాకంటే బాగా ఎరిగినట్టుంది.

అద్దం కూడా ఆవిడ చేతిలోనే పెట్టాను. ఆవిడ దాన్ని చెప్పుల స్టాండు మీద బోర్లించి, తాళంచెవి తీసుకుని జేబులో వేసుకుంది.

మా ఆయన గుమ్మంలో నిలబడి, అది రెండు వేల ఏళ్ల నాటిదని ఇంకా చెబుతూనే ఉన్నారు.