కొండ మీద మా కోడలు వద్దన్న నీళ్ళు

కొండ మీద మంచినీళ్ళిచ్చే టెంటు దగ్గర మా కోడలు రమ్య నా మొహంలోకి చూసి, "మేడమ్, నూజివీడు బస్సు వెళ్ళిపోయిందాండీ?" అని అడిగింది. పెళ్ళయిన రోజు నుంచీ నన్ను నోరారా అత్తయ్యా అని పిలిచే పిల్ల! వేళ్ళు ఉబ్బిపోయి ఉంగరం చర్మంలోకి దిగిపోయింది. పరుగున వెళ్ళి టెంటులో ఉన్న డాక్టరమ్మని పిలిచాను.

అది మన్యం కొండల్లో యాభై కిలోమీటర్ల పరుగు. అల్ట్రా మారథాన్ అంటారట. రమ్య బళ్ళో లెక్కల టీచరు. మా ముసునూరు మామిడి తోటల మధ్య రోజూ తెల్లారకుండానే పరిగెత్తేది. మొదట్లో తోట కాపలావాళ్ళు "ఎవరన్నా తరుముతున్నారేంటమ్మా?" అని కర్ర పట్టుకుని వచ్చేవాళ్ళు. ఈ పిల్ల పట్టుదల చూసి నేను నోరు మూసుకున్నాను. పోటీ అనగానే మా అబ్బాయితో పాటు నేనూ కారెక్కాను.

టెంటులో డాక్టరమ్మ చూస్తుండగానే రమ్యకి ఫిట్స్ వచ్చాయి. అంబులెన్సులో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళి ఐసీయూలో పెట్టారు. ఎండదెబ్బ అనుకున్నాను. బ్లడ్ టెస్ట్ చూసి డాక్టరుగారు, "సోడియం బాగా పడిపోయిందమ్మా. హైపోనాట్రీమియా. నీళ్ళు ఎక్కువ తాగడం వల్ల వచ్చింది" అన్నారు.

"నీళ్ళెక్కువైతే జబ్బేంటండీ, చోద్యం కాకపోతే!" అన్నాను.

"రక్తంలో ఉప్పు పలచబడి మెదడు వాస్తుందమ్మా. ఉప్పు సెలైన్ ఎక్కిస్తున్నాం. జాగ్రత్తగా, కొంచెం కొంచెంగా."

మా అబ్బాయి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

మర్నాటికి రమ్యకి తెలివొచ్చింది. అన్ని నీళ్ళు ఎందుకు తాగావమ్మా అని డాక్టరుగారు అడిగితే ఈ తల్లి చెప్పిన జవాబు వినండి. "దాహం లేదండీ. కానీ దారి పొడుగునా వాలంటీర్లు గ్లాసులు పట్టుకుని ఎదురొస్తుంటే, వద్దంటే చిన్నబుచ్చుకుంటారని తాగేశాను."

ఆయన నెత్తి కొట్టుకున్నారు. నాకు మాత్రం వింత అనిపించలేదు. మా వైపు గడప దాటి వచ్చినవాళ్ళకి ముందు మంచినీళ్ళివ్వాలి, ఇచ్చినవి పుచ్చుకోవాలి. అందరం అలా పెరిగినవాళ్ళమే.

అక్కడితో ఆగిందా? వార్డుకి మార్చాక మా ఆడపడుచు మైలవరం నుంచి కొబ్బరిబోండాలు మోసుకొచ్చింది. "నీ కోసమే తెచ్చానే, కాదనకు" అంది. నేను మందులు తెచ్చేసరికి బోండాలన్నీ ఖాళీ! సాయంత్రానికి వాంతులు, సోడియం మళ్ళీ కిందకి. "ఫ్లూయిడ్ రిస్ట్రిక్షన్, ఏ నీళ్ళైనా కొలిచే ఇవ్వాలని చెప్పాం కదండీ!" అని డాక్టరుగారు మండిపడ్డారు. ఆయన కోపంలో తప్పేముంది?

డిశ్చార్జ్ చేస్తూ, "ఒళ్ళు కుదుటపడ్డాక పరిగెత్తొచ్చు. దాహం వేస్తేనే తాగాలి" అన్నారు. మా అబ్బాయి మాత్రం బూట్లు అటకెక్కించాడు. రమ్య నా దగ్గరికొచ్చి, "అత్తయ్యా, కాళ్ళలో సత్తువ చాలక ఆగిపోయుంటే ఊరుకునేదాన్ని. మొహమాటంతో ఆగిపోయాను. అది మింగుడుపడట్లేదు" అంది. నేనే నిచ్చెన వేయించి బూట్లు దింపించాను.

మరుసటేడు అదే కొండ, అదే టెంటు. రమ్య వచ్చింది. మోకాలు దోక్కుపోయింది, ఒళ్ళంతా దుమ్ము, అయినా చూపు తేటగా ఉంది. తెలిసి తెలిసీ మనసాగక నేను సీసా మూత తీసి నోటి దగ్గర పెట్టాను.

"వద్దు అత్తయ్యా, దాహం లేదు" అని నా చెయ్యి పక్కకి జరిపి కొండెక్కిపోయింది.

ఇన్నేళ్ళలో నాకు వద్దు అని చెప్పడం అదే మొదలు. ఎంత ముచ్చటేసిందో! సీసా పట్టుకుని అక్కడే ఏడ్చేశాను. పొద్దుగూకే వేళకి పరుగు పూర్తిచేసి, తిన్నగా నడుచుకుంటూ మా దగ్గరికొచ్చింది.

ఇప్పుడూ పరిగెత్తుతోంది. ఇంట్లో నేను రెండోసారి వడ్డించబోతే కంచానికి చెయ్యి అడ్డం పెడుతోంది కూడా. దూరాలు పరిగెత్తేవాళ్ళు మీ ఇంట్లో ఉంటే దాహం వేస్తేనే తాగమనండి. వేళ్ళు ఉబ్బినా, మాట తేడాగా వచ్చినా ఆపించి వెంటనే డాక్టరుకి చూపించండి. గ్లాసు మీ చేతిలో ఉంటే మాత్రం, వద్దన్నవాళ్ళ మాట మొదటిసారే వినండి.