భీవండి నుంచి వచ్చే కార్డులు

ఈ మధ్య ఒక సైకిల్ దుకాణం ముందు గొలుసును కిరోసిన్‌తో కడుగుతుంటే ఆ వాసనకు నా కాళ్లు ఆగిపోయాయి. సిద్దిపేటలో మా ఇంటి ముందుగది నిండా అదే వాసన ఉండేది. అచ్చు వేయడం అయిపోయిన సీసపు అక్షరాలను కిరోసిన్‌లో ముంచి, బ్రష్షుతో రుద్ది, ఆరబెట్టి, మళ్లీ ఏ అరలోవి ఆ అరలో వేయడం సెలవు రోజుల్లో నాకు ఆటా పనీ రెండూ.

తాత మొదలుపెట్టిన నాలుగు పేజీల వారపత్రిక మాది. తాత పోయాక కూడా ఊళ్లో అందరూ ‘తాత పేపరు’ అనే పిలిచేవారు. బాపు సైకిల్ మీద మిరుదొడ్డి, గజ్వేల్ తిరిగి ఏ చెరువు నిండింది, ఏ ఊళ్లో పశువులకు రోగమొచ్చింది, ఎవరి పిల్ల పదో తరగతి పాసైంది అని రాసుకొచ్చేవాడు. అక్షరాలు పేర్చేది అవ్వ. మాకు బాపు అంటే నాన్న, అవ్వ అంటే అమ్మ. ఆమె నేతవాళ్ల ఇంటి పిల్ల. గొల్లభామ చీర అంచులో బొమ్మ కోసం పోగు తప్పకుండా ఎత్తిన వేళ్లు ఆమెవి.

అందరూ ముందు తిప్పి చూసేది చివరి పేజీనే. మా వైపు నేతపనివాళ్లు ఎందరో బొంబాయి దగ్గరి భీవండిలో మరమగ్గాల మీద ఉండేవారు. అక్కడి పెద్దమనిషి ఒకాయన, మనవాళ్లలో ఎవరికి బిడ్డ పుట్టింది, ఎవరు ఊరికి వస్తున్నారు అని వారం వారం కార్డు రాసేవాడు. ఆ పేజీ కోసం దాన్ని గొంతెత్తి చదవడం తొమ్మిదేళ్ల పిల్లనైన నా పని. నేను మాట మాటకూ ఆగి చదువుతుంటే అవ్వ పేర్చుకుంటూ పోయేది. నా చదువు మీద నాకు చెప్పలేనంత గర్వం.

బతుకమ్మ రోజులవి. గది మూలన తడిబట్ట కింద తంగేడు, గునుగు పూలు. నా అరచేతిలో అవ్వ పొద్దున్నే దంచిన నువ్వుల సత్తుపిండి. బాపు మిరుదొడ్డి నుంచి ఇంకా రాలేదు. సత్తుపిండి నాకుతూ కార్డు అందుకున్నాను.

“నేత వీరయ్య కొడుకు రాజమల్లు, ఇరవై ఆరేండ్లు. మూడు రోజులు జరమొచ్చి దవాఖానల సచ్చిపోయిండు. కార్యం ఈడనే చేసినం. ఇంటికి తంతి ఇచ్చినం.”

అవ్వ చెయ్యి అరల మీద ఆగిపోయింది.

“ఇంకోపారి సదువు బిడ్డా.”

సరిగా వినబడలేదేమో అనుకుని మరింత గట్టిగా, రాగం తీసి మరీ చదివాను. ఆ పేరు నాకు తెలియదు. భీవండిలో నాకు తెలిసింది అవ్వ తమ్ముడు చిన్నమామ ఒక్కడే. దసరాకు వచ్చినప్పుడల్లా నన్ను భుజాల మీద ఎక్కించుకుని జాతరంతా తిప్పేవాడు.

అవ్వ గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారింది. “మీ చిన్నమామనే” అన్నది.

ఇంటికి తంతి ఇచ్చామన్నారు గానీ ఆ టెలిగ్రాం ఎవరికీ చేరలేదు. బాపు వచ్చి, కార్డు చూసి, ఆమె చేతిలోని అక్షరాలు పేర్చే పట్టీ తీసుకోబోయాడు.

“నువ్వు లే. నేను పెడ్త.”

“వద్దు. వాని మొకమన్న సూడలే. పేరన్న నన్నే పెట్టనియ్యి.”

లేచి నిలబడి పేర్చింది. ఒక్కసారి మాత్రం అక్షరం జారి నేల మీద పడింది. ఆ వారం పేపరు ఎప్పటిలాగే పోస్టులో భీవండికీ వెళ్లింది.

తర్వాత ప్రతి కార్డునూ బాపు ముందు తాను చదివాకే నాకు ఇచ్చేవాడు. అవ్వ నన్ను ఎన్నడూ ఏమీ అనలేదు. కానీ బళ్లో పాఠం చదవమంటే ఆ ఏడంతా లేచి ఊరకే నిలబడేదాన్ని.

ఫోన్లు వచ్చి కార్డులు తగ్గాయి. బాపు మోకాళ్లు పోయి, కాలితో తొక్కేవాళ్లు లేక అచ్చుయంత్రం ఆగింది. దాచిన పాత పేపర్ల కట్టలూ కార్డులూ ఒక వానాకాలం కప్పు కారి ముద్దయ్యాయి.

పోయిన చలికాలం మంచం పట్టిన అవ్వ అడిగింది: “వాని పేరున్న పేపరు ఏడన్న దొరుకుతదా బిడ్డా?”

పాత చందాదారుల ఇళ్లన్నీ తిరిగాను. ఒక్క కాపీ దొరకలేదు. ఒట్టి చేతులతో ఆమె పక్కన కూర్చుని, ఆ నాలుగు మాటలూ కార్డులో ఉన్నవి ఉన్నట్టే చెప్పాను. ఈసారి రాగం లేదు. కళ్లు మూసుకుని విన్నది.

“గంతే ఉండె” అన్నది.

ఉగాదికి ముందే అవ్వ పోయింది. ముందుగది ఇప్పుడు కిరాయికి ఇచ్చాం. భీవండిలో ఎవరు పుట్టారో, ఎవరు పోయారో మా ఊళ్లో ఎవరూ అచ్చు వేయడం లేదు. చిన్నమామ పేరున్న కాగితం ఈ లోకంలో ఒక్కటీ లేదు.