ఐలన్న చేతిలో కాలిన రేడియో

నిన్న మరమ్మతుకు వచ్చిన ఒక కారు బానెట్ తెరవగానే కాలిన వైరు వాసన ఘాటుగా గొంతులో పడింది. ఆ వాసన తగిలితే చాలు, నాకు ఐలన్న గుర్తుకొస్తాడు. ఉప్పల్ బస్ డిపో వెనుక ఆయనకు కార్ల ఎలక్ట్రికల్ షాపు ఉండేది. పాలిటెక్నిక్ చదివి నేను ఎక్కడ పని అడిగినా ఆడపిల్లవని పంపించేస్తున్న రోజుల్లో, ఆయన నా చేతికి మీటరు ఇచ్చి ఒక జీపు చూపించాడు. "కరెంటు యాడ ఆగిందో సూడు" అన్నాడు. కనుక్కున్నాను. "రేపు జల్ది రా" అన్నాడు. అదే నా ఇంటర్వ్యూ.

ఆ ఏడాదే చెంగిచెర్ల నుంచి ఎస్తేరు టీచర్ చనిపోయిన తన భర్త పాత కారు తెచ్చింది. "చర్చి నుంచి వచ్చేసరికి చీకటైతుంది అన్నా. ఈ లైట్లకు తొవ్వ కనిపిస్తలేదు" అంది. ఆ కాలపు కార్లలో కొన్నింటికి బ్యాటరీ ప్లస్ వైరును బాడీకి కలిపేవారు. ఇప్పుడు మైనస్‌ను కలుపుతారు. లైట్లకు సరిపడా కరెంటునిచ్చే కొత్త ఆల్టర్నేటర్ పెట్టాలంటే కారంతా మైనస్‌కు మార్చాలి. బ్యాటరీ ఒక్కటి తిప్పితే చాలదు, కాయిల్ వైర్లు, అమ్మీటర్ వైర్లు కూడా అటువి ఇటు మార్చాలి. అవన్నీ ఐలన్న నాచేతే చేయించాడు. "రంగు సూసి మోసపోకు. ఇన్నేండ్ల సంది ఎవలెవలు చెయ్యి పెట్టిన్రో. మీటర్ పెట్టు" అనేవాడు.

రేడియో పాత పద్ధతిది, ప్లస్ మైనస్ తారుమారైతే కాలిపోతుంది. దాని వైరు విడదీసే పని మాత్రం తానే చేస్తానన్నాడు. "ఇది పాడుతుంటే ఆయన పక్కన కూసున్నట్టే ఉంటది" అని టీచర్ చెప్పి వెళ్లింది మరి. మధ్యలో ఎవరో పిలిస్తే వెళ్లి, ఆ సంగతి మరిచిపోయాడు. బ్యాటరీ కలిపాం. ఇంజన్ అందుకుంది, లైట్లు ధగధగా వెలిగాయి. మేం నవ్వుకుంటుండగానే డాష్‌బోర్డులోంచి పొగ వచ్చింది.

"పాతది గదన్నా. దానంతటదే పోయిందను. ఆమెకేం ఎరుక?" అన్నాడు పక్కనున్న పంక్చర్ షాపాయన.

ఐలన్న మసి చేతులతోనే ఫోన్ తీశాడు. "టీచరమ్మా, నీ రేడియో నా చేతుల కాలింది. వైరు తీసుడు మర్చిపోయిన. తప్పు నాదే."

ఆమె వెంటనే వచ్చింది. రేడియో మీద చెయ్యి పెట్టి ఏడ్చింది. "ఎట్ల మర్చిపోయినవన్నా?" అని అందరి ముందూ గట్టిగా అడిగింది. ఆయన సాకు చెప్పలేదు, తల వంచుకుని అక్కడే నిలబడ్డాడు. నాకు ఆమె ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

తర్వాత ఆయన మధ్యాహ్నాలన్నీ పాత రేడియోలు తెలిసినవాళ్ల కోసం తిరగడంలోనే గడిచిపోయాయి. చివరికి నాచారంలో ఒక ముసలాయన, పాడైపోయిన మరో రేడియోలోంచి ఒక భాగం తీసి దీనికి అమర్చాడు. రేడియో పాత పద్ధతిదే కనుక, దాని పెట్టె గానీ ఏరియల్ గానీ కారు ఇనుముకు తగలకుండా రబ్బరు వేసి, వైర్లు విడిగా లాగాం. అది పలికింది.

టీచర్ చాలాసేపు విన్నది. "గొంతు జర మారిందన్నా."

"మారింది. మునుపటి లెక్క రాదు టీచరమ్మా" అన్నాడు ఐలన్న.

ఆమె లైట్లు వేసుకుని వెళ్లింది. ఆ తర్వాత కూడా కారు ఆయన దగ్గరికే తెచ్చేది.

"ఫోన్ చేసేటప్పుడు భయం కాలేదా అన్నా?" అని ఒకసారి అడిగాను.

"మస్తయింది. అందుకే జల్ది జేసిన. ఇంకొంచెం సేపు ఆగితే అబద్ధం తోస్తుండె" అన్నాడు.

ఆయన పోయాక నేను నాచారంలో సొంత షెడ్డు పెట్టుకున్నాను. నా దగ్గర పని చెడిపోతే ముందు యజమానికి చెబుతాను, బాగుచేసే దారి ఆ తర్వాత వెతుకుతాను. యజమాని నంబరు నొక్కాలంటే నాకు ఇప్పటికీ భయమే, అందుకే ఐలన్నలాగే జల్దిగా నొక్కేస్తాను.